‘పంపిస్తి సార్’ అంటే పంపినట్టా, పంపబోతున్నట్టా? స్పానిష్ భూతకాలం నేర్చుకునే దారి

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మా మేనేజర్ అడిగాడు, “ఆ ఇన్వాయిస్ పంపించావా అమ్మా?” అని. ఆయనది గుడివాడ. నేను “పంపిస్తి సార్” అన్నాను. ఆయన చెవికి అది “పంపిస్తా సార్” అని వినబడింది. సాయంత్రం ఐదింటికి మళ్ళీ వచ్చి, “ఇంకా ఎప్పుడు పంపుతావ్?” అని కసిరాడు. “పొద్దున్నే పంపిస్తినే!” అన్నాను. ఆఫీసంతా నవ్వు.

మా చిత్తూరు వైపు పంపిస్తి అంటే పంపాను, పోతి అంటే వెళ్ళాను. పాకాలలో మా అవ్వ ఈ రోజుకీ “తింటివా పాపా?” అనే అడుగుతుంది, తినబోతున్నావా అని కాదు. అదే తిరుపతిలో మా పక్కింటి నెల్లూరావిడ “తిన్నావా?” అంటుంది. భాష ఒకటే, జరిగిపోయిన పనిని చెప్పే తీరు ఊరికొకటి.

ఈ సంగతి తర్వాత స్పానిష్‌లో నాకు బాగా పనికొచ్చింది. ముందు దెబ్బ తిన్నాకే అనుకోండి.

నేను పనిచేసేది చిత్తూరు దారిలో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, ఎగుమతి కాగితాలు చూసే సెక్షన్‌లో. జూన్, జూలైలో తోతాపురి లోడ్లు గేటు బయట వరుస కట్టి ఉంటాయి, ఆ రెండు నెలలు మాకు నిద్ర తక్కువ. డ్రమ్ములు చెన్నై పోర్టు మీదుగా పోతాయి. కొనేవాళ్ళలో ఒకరు స్పెయిన్‌లోని వలెన్సియా వాళ్ళు. అక్కడ మాకు మెయిల్ రాసేవాళ్ళు ఇద్దరు. ఒకావిడ వలెన్సియా మనిషే. ఇంకొకాయన బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చి స్థిరపడినాయన. ఒకే ఆఫీసు, ఒకే విషయం, కానీ ఇద్దరి భూతకాలం వేరు. ఆవిడ “అందుకుని ఉన్నాం” అన్నట్టు రాస్తుంది, ఆయన “అందుకున్నాం” అని తేల్చేస్తాడు. ఆర్నెల్లు నేర్చుకుని మెయిళ్ళ ముందు కూర్చున్న నాకు తల తిరిగింది.

ఆయన ఒకసారి “ఎన్బియామొస్ ఎల్ పాగొ” అని రాశాడు. ‘డబ్బు పంపుతున్నాం’ అని చదువుకుని, అకౌంట్స్ వాళ్ళను ఆగమన్నాను. నిజానికి రెండు రోజుల ముందే పంపేశారట. ఎన్బియామొస్ అంటే ‘పంపుతాం’ కూడా, ‘పంపాం’ కూడా. నా ‘పంపిస్తి’ సముద్రం దాటిపోయి మళ్ళీ నా నెత్తినే పడింది.

కాబట్టి కింద చెప్పేది పుస్తకం వరస కాదు. మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటే నేను ఏ వరసలో పోతానో, అది.

నోరు ముందు, పట్టికలు తర్వాత

స్పానిష్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. దీర్ఘం ఉన్న చోట గొంతు నొక్కండి. ఈ నొక్కు అలంకారం కాదు, కాలాన్నీ మనిషినీ మార్చేస్తుంది. పాగొ అంటే ‘చెల్లిస్తాను’. పగో అంటే ‘అతను చెల్లించాడు’. రాతలో తేడా చివరి అక్షరం మీది చిన్న గీత ఒక్కటే. ఆ గీత చూడకుండా చదివితే లెక్కలు తారుమారు. అందుకే మొదటి వారం పట్టికల జోలికి పోకుండా ఇలాంటి జతలు పైకి చదవండి: ఆబ్లొ (మాట్లాడతాను), అబ్లో (అతను మాట్లాడాడు), ఎన్బీయొ (పంపుతాను), ఎన్బ్యో (అతను పంపాడు). హ్రస్వమైన ఎ, ఒ మనకున్నాయి. త, ద మనవే. ఉచ్చారణకు టెన్షన్ పడాల్సిన పని లేదు.

తర్వాత మామూలు భూతకాలం. చెల్లించడానికి: పగే (నేను), పగాస్తె (నువ్వు), పగో (అతను, ఆమె, మీరు), పగామొస్ (మేము), పగారొన్ (వాళ్ళు). అందుకోవడానికి: రెసిబీ, రెసిబీస్తె, రెసిబ్యో, రెసిబీమొస్, రెసిబ్యేరొన్. పుస్తకంలో ఆరో రూపం ఒకటి ఉంటుంది, పగాస్తెయిస్, ‘మీరంతా చెల్లించారు’ అని చనువుగా అనడానికి. అది స్పెయిన్ వాళ్ళది. లాటిన్ అమెరికాలో ఎవరూ వాడరు, అక్కడ ‘మీరంతా’కి కూడా పగారొన్ రూపమే. మీకు పని లాటిన్ అమెరికాతోనే అయితే దాన్ని గుర్తుపడితే చాలు, నోటికి పట్టించుకోనక్కర్లేదు.

అర్జెంటీనా వాళ్ళు ‘నువ్వు’కి తూ అనరు, బొస్ అంటారు. దానికోసం వర్తమానంలో క్రియ మారుతుంది కాబట్టి నేను భయపడ్డాను. భూతకాలంలో ఏమీ మారదు: తూ పగాస్తె, బొస్ పగాస్తె. చాలా ఊళ్ళ మాటల్లో పగాస్తెస్ అని చివర ఒక ‘స్’ తగిలించడం వింటారు. వినండి, రాయకండి. ఎక్కడా ప్రామాణికం కాదది.

మొండి క్రియలు కొన్ని ఉన్నాయి, నొక్కు చివర పడనివి: తూబె (నా దగ్గర ఉండింది), ఈసె (చేశాను), దీహె (చెప్పాను), బీనె (వచ్చాను), పూసె (పెట్టాను), పూదె (చేయగలిగాను). ఇవి తప్పించుకోలేనివి, రోజూ వస్తాయి. ఎక్కాల్లా అప్పజెప్పుకోండి. ‘వెళ్ళాను’కీ ‘అయ్యాను’కీ ఒకటే రూపం, ఫుయీ. వాక్యం చూసి తెలుసుకోవాలి. మనం ‘పోయింది’ అన్నప్పుడు వెళ్ళిందో, పాడైందో, పోగొట్టుకున్నామో సందర్భాన్ని బట్టే కదా తెలుస్తుంది.

‘పోయేదాన్ని’ మన చేతిలో ఉన్న ఆస్తి

స్పానిష్‌లో రెండో భూతకాలం ఉంది. పుస్తకాలు దాన్ని ఇంపెర్ఫెక్తొ అంటాయి. మెక్సికోలో అచ్చయిన బడి పుస్తకం దొరికితే అందులో కొప్రెతేరితొ అని ఉంటుంది. కారకాస్‌లో పుట్టిన ఆంద్రెస్ బెయొ అనే పండితుడు 1847లో చిలీలో అచ్చయిన తన వ్యాకరణంలో కాలాలకు వేరే పేర్లు పెట్టాడు. మెక్సికో బళ్ళు ఇప్పటికీ ఆ పేర్లే వాడుతున్నాయి. రెండు పేర్లూ ఒకే రూపానివి, కంగారు పడకండి.

ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్ళకు ఇది నెలల తరబడి అర్థం కాదు. మనకు ఒక్క మాటలో ఉంది: వెళ్ళేవాణ్ణి, తినేదాన్ని, వస్తుండేది. ‘చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పాకాల పోయేదాన్ని, అవ్వ సంగటి ముద్ద చేసి పెట్టేది, ఊరిబిండి నంజుకునేవాళ్ళం.’ ఈ మూడు క్రియలూ కళ్ళు మూసుకుని ఇంపెర్ఫెక్తొలో పెట్టేయండి: ఈబ, అసీయ, కొమీయమొస్. రూపాలు కూడా సులువు. ఒక రకం క్రియలకు ‘ఆబ’, మిగతావాటికి ‘ఈయ’ చేరుతుంది. దారి తప్పేవి మొత్తం భాషలో మూడే: ఏర (ఉండేది, అనగా స్వభావం), ఈబ (వెళ్ళేది), బెయీయ (చూసేది). ‘నేను’కీ ‘అతను’కీ రూపం ఒకటే కాబట్టి అనుమానం వచ్చే చోట ముందు యొ (నేను) అని చేర్చండి.

వయసు, టైము, అప్పటి వాతావరణం కూడా ఇందులోనే చెప్పాలి. మనం “అప్పుడు నాకు పదేళ్ళు” అని క్రియ లేకుండా వదిలేస్తాం. వాళ్ళు తెనీయ ద్యేస్ ఆన్యొస్ అంటారు. తెలుగులో క్రియే లేదు కదా అని అక్కడ తూబె పెడితే తప్పు.

ఇక ఇక్కడే మన తెలుగు మనల్ని మోసం చేసే చోటు కూడా ఉంది. నేను ఏడాది పాటు ఈ తప్పు చేశాను. “ఐదేళ్ళు పాకాలలో ఉండేదాన్ని” అని మనం హాయిగా అంటాం. అదే చేత్తో బిబీయ సీంకొ ఆన్యొస్ అని రాసేశాను. కాదు. ఐదేళ్ళు అని లెక్క చెప్పి మూత వేసేశాక అది పూర్తయిన ముక్క: బిబీ సీంకొ ఆన్యొస్ ఎన్ పాకాల. ఎంతకాలమో, ఎన్నిసార్లో అంకె చెప్పి కట్టేస్తే మామూలు భూతకాలం. అంకె లేకుండా ‘అప్పట్లో’ అని వదిలేస్తే ఇంపెర్ఫెక్తొ. ‘మూడుసార్లు ఫోన్ చేశాను’ ఒకటి, ‘రోజూ ఫోన్ చేసేదాన్ని’ ఇంకొకటి. నేను మానిటర్‌కి ఒక చీటీ అంటించుకున్నాను: “అంకె ఉందా? మూత పడిందా?”

కొన్ని క్రియలకు ఈ రెండు రూపాల మధ్య అర్థమే మారిపోతుంది, వాటిలో నాకిష్టమైనది తెలియడం. సబీయ అంటే అప్పటికే తెలుసు. సూపె అంటే ఆ క్షణాన తెలిసింది. కంటైనర్ ఆగిందని ‘నాకు తెలుసు’ అన్నదానికీ, ‘తెలిసింది’ అన్నదానికీ ఎంత తేడానో ఎగుమతి సెక్షన్‌లో పనిచేసే ఎవరినైనా అడగండి. మొదటిది తిట్టు తెస్తుంది, రెండోది తేదు. అలాగే కొనొసీయ అంటే పరిచయం ఉండేది, కొనొసీ అంటే మొదటిసారి కలిశాను. నొ కెరీయ అంటే ఇష్టం లేకపోయింది, నొ కీసె అంటే ఒప్పుకోలేదు.

మర్యాదకు కూడా ఇది పనికొస్తుంది. కెరీయ ప్రెగున్తార్లె అంటే అక్షరాలా ‘అడగాలని ఉండేది’. మనం ఆఫీసుల్లో తలుపు దగ్గర నిలబడి “ఒకటి అడుగుదామని వచ్చినా సార్” అనమా? సరిగ్గా అదే వినయం.

ఊరిని బట్టి మారే మూడో రూపం

ఇప్పుడు అసలు తగాదా. ‘ఎ పగాదొ’ అనే జంట రూపం. ముందు ఒక చిన్న సహాయక క్రియ (ఎ, అస్, అ, ఏమొస్, అన్), వెనక పగాదొ, రెసిబీదొ, కొమీదొ లాంటి రూపం. వెనక రూపం ఎవరికీ మారదు, ఆడామగా తేడా కూడా లేదు. మొండివి కొన్ని: ఏచొ (చేసిన), దీచొ (చెప్పిన), బీస్తొ (చూసిన), ఎస్క్రీతొ (రాసిన), అబ్యేర్తొ (తెరిచిన).

కట్టడం తేలికే. ఎప్పుడు వాడాలన్నదే ఊరి మీద ఆధారపడుతుంది.

వలెన్సియా ఆవిడ లెక్క ఇది, మాడ్రిడ్ వాళ్ళదీ ఇంచుమించు ఇదే: ఇవాళ, ఈ వారం, ఈ ఏడాది, అంటే ఇంకా ముగియని కాలంలో జరిగినదానికి జంట రూపం. నిన్న, పోయిన వారం, పోయిన ఏడాది అంటే మామూలు రూపం. ‘ఓయ్ ఏమొస్ రెసిబీదొ లా ముయేస్త్ర’ (ఈ రోజు శాంపిల్ అందింది). ‘అయేర్ రెసిబీమొస్ లా ముయేస్త్ర’ (నిన్న అందింది). నేనొకసారి “అయేర్ ఎ ఎన్బియాదొ” అని రాస్తే ఆవిడ చాలా నెమ్మదిగా సరిచేసింది. ‘నిన్న’ పక్కన ఆ జంట ఆమె చెవికి నప్పదు.

బ్యూనస్ ఐరిస్ ఆయనకు ఇవాళైనా నిన్నైనా ఒకటే: ఓయ్ రెసిబీమొస్, అయేర్ రెసిబీమొస్. ‘ఎప్పుడైనా తిరుమలకు నడిచి ఎక్కారా?’ అని ఆవిడను అడగాలంటే ‘అ సుబీదొ’ అంటాను, ఆయనను అడగాలంటే ‘సుబ్యో’ చాలు. అలిపిరి మెట్లు మాత్రం ఇద్దరికీ 3,550. ఇంకో సంగతి, కంటైనర్ చేరిందా అని ఆయనకు ఫోన్ చేస్తే ‘యెగో’ అనడు, ‘షెగో’ అంటాడు. అక్కడి ‘య’ అలా ‘ష’ అవుతుంది. మొదటిసారి విన్నప్పుడు కొత్త క్రియ అనుకుని నిఘంటువు వెతికాను.

కానీ ‘స్పెయిన్ అంటే జంట, అమెరికా అంటే మామూలు’ అని గీత గీసి పెట్టుకోకండి. మన దగ్గర ‘రాయలసీమ యాస’ అని ఒకే మూటగా కట్టేస్తే కర్నూలాయన ఒప్పుకుంటాడా? స్పెయిన్‌లోనే గలీసియా, అస్తూరియాస్, లెయోన్ వైపు, కెనరీ దీవుల్లో, ఇవాళ జరిగినదానికి కూడా మామూలు రూపమే వాడతారు. అర్జెంటీనాలోనే వాయవ్యాన తుకుమాన్, సాల్తా వైపు వెళ్తే జంట రూపం బాగా వినిపిస్తుంది. బొలీవియా, పెరూ కొండ ప్రాంతాల్లో ‘అయేర్ ఎ ఎన్బియాదొ’ అని నిన్నకు కూడా జంట వేస్తారు, వలెన్సియా ఆవిడ నాకు తప్పని చెప్పిన వాక్యమే!

ఆ కొండల్లో ఇంకో వింత ఉంది. ‘అబీయ’ చేర్చి కట్టే రూపం మామూలుగా ‘అప్పటికే చేసి ఉన్నాడు’ అని చెప్పడానికి. లా పాస్ వైపు దాన్నే తాము కళ్ళారా చూడని పనికీ, అప్పుడే తెలిసి ఆశ్చర్యపోయినదానికీ వాడతారు. అక్కడి పాత భాషలు కెచువా, ఐమారాల ప్రభావం అది. ఆ భాషల్లో చూసి చెప్పేదానికీ విని చెప్పేదానికీ వేరు వేరు ప్రత్యయాలున్నాయి. మనకు ‘అంట’ ఉంది కదా, “వచ్చినాడంట” అన్నప్పటి ‘అంట’. అలాంటిదే. ఇంగ్లీషు పుస్తకం దీనికి ఒక పేజీ వివరణ రాస్తుంది, మనకు రెండు అక్షరాలు చాలు.

మెక్సికో వాళ్ళది మధ్యే దారి. అయిపోయిన పనికి మామూలు రూపం, ఇప్పటికీ సాగుతున్నదానికీ మళ్ళీ మళ్ళీ జరిగేదానికీ జంట రూపం. ‘తిన్నావా?’ అని అడగడానికి ‘యా కొమీస్తె?’ అంటారు, మాడ్రిడ్‌లో అయితే ‘అస్ కొమీదొ యా?’. ‘మొదట్నుంచీ ఇక్కడే ఉంటున్నాను’ అనేదానికి మాత్రం మెక్సికోలో కూడా ‘స్యేంప్రె ఎ బిబీదొ అకీ’. ఇంకా రానిదానికి మెక్సికో వాళ్ళు వర్తమానమే వాడేస్తారు: ‘తొదబీయ నొ యేగ’. స్పెయిన్‌లో ‘తొదబీయ నొ అ యెగాదొ’. రెండింటికీ మన ‘ఇంకా రాలేదు’ ఒక్కటే.

మరి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏది పట్టుకోవాలి? నా మాట: మామూలు రూపంతో మొదలుపెట్టండి. ‘ఇవాళ అందింది’ అనడానికి ‘ఓయ్ రెసిబీ’ అంటే మాడ్రిడ్‌లో కూడా అందరికీ అర్థమవుతుంది, మహా అయితే “అమెరికా వైపు నేర్చుకున్నావా?” అంటారు. జంట రూపాన్ని మాత్రం మొదటి రోజు నుంచే చదవగలగాలి, చెవికి పట్టాలి. తర్వాత మీ పని ఎవరితోనో చూసుకుని వాళ్ళ దారికి మారండి. ఒకే మెయిల్‌లో రెండు ఊళ్ళ పద్ధతులు కలపకండి, “నేను వచ్చాను, మా ఆయన వచ్చినాడు, మీరు వస్తిరా” అన్నట్టుంటుంది.

పరీక్ష రాసేవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు. సియేలె అనే పరీక్షను సెర్వాంతెస్ సంస్థ, సలమాంక విశ్వవిద్యాలయం, మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం, బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయం కలిసి నడుపుతున్నాయి. అందులో వినిపించే గొంతులు కూడా రకరకాల దేశాలవి. కాబట్టి ఒక్క దేశం వీడియోలే చూస్తూ కూర్చుంటే లాభం లేదు.

‘ఎన్బియామొస్’ గొడవకు మందు కూడా చెప్పాలి. ‘మేము’ రూపంలో పగామొస్, ఎన్బియామొస్, రెసిబీమొస్ లాంటివి వర్తమానానికీ భూతానికీ ఒకటే. తినడం లాంటి క్రియలకు ఈ బాధ లేదు, కొమేమొస్ అంటే తింటాం, కొమీమొస్ అంటే తిన్నాం. కాబట్టి మీరు రాసేటప్పుడు ముందు యా (అప్పుడే, ఇప్పటికే) పెట్టండి, లేదా తేదీ పెట్టండి: ‘యా ఎన్బియామొస్’, ‘ఎల్ మార్తెస్ ఎన్బియామొస్’ (మంగళవారం పంపాం). చదివేటప్పుడు ఇవేవీ లేకపోతే అడిగేయండి. అడిగితే పోయేదేం లేదు, అడగనందుకు నేను అకౌంట్స్ ఆయనతో రెండు రోజులు మాటలు పడ్డాను.

రాత్రి పది నిమిషాలు

నాకు పనికొచ్చిన సాధన ఒక్కటే. ఆ రోజు ప్రయాణాన్ని ఐదు వాక్యాల్లో రెండుసార్లు రాయడం, ఒకసారి వలెన్సియా ఆవిడకు, ఒకసారి బ్యూనస్ ఐరిస్ ఆయనకు చెబుతున్నట్టు. తిరుపతి బస్టాండులో బస్సు కోసం చూస్తున్నాను (ఎస్పెరాబ, ఇద్దరికీ అదే, మూత పడలేదు). వర్షం పడుతోంది (యొబీయ, ఇద్దరికీ అదే). బస్సు ఆలస్యంగా వచ్చింది (ఆవిడకు అ యెగాదొ, ఆయనకు యెగో). పాకాల దగ్గర అరగంట ఆగాం (ఆవిడకు ఏమొస్ పరాదొ, ఆయనకు పరామొస్, అంకె ఉంది చూడండి, పరాబమొస్ కుదరదు). ఆఫీసుకు చేరేసరికి మేనేజర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు (అబ్లాబ).

మర్నాడు పొద్దున అదే కాగితం తీసి, ఓయ్ కొట్టేసి అయేర్ అని రాసి, మళ్ళీ సరిచేయండి. ఆయన కాగితంలో ఒక్క క్రియ కూడా మారదు. ఆవిడ కాగితంలో రెండు మారతాయి. ఏ రెండో చూడకుండా చెప్పగలిగిన రోజు నేను వలెన్సియాకు నిఘంటువు తెరవకుండా మెయిల్ రాశాను.